మా లైనులో మోగిన కంచం

నా చిన్నప్పుడు నన్ను కొట్టని వస్తువు మా ఇంట్లో లేదు. బెల్టు, చీపురుకట్ట, అట్లకాడ, ఒకసారైతే సైకిలు పంపు. ఈ మాట చెప్తే మా హాస్టలు పిల్లలు కిసుక్కున నవ్వుతారు. నవ్వనివ్వండి, నేను నవ్వుతూనే చెప్తాను మరి. నాకింకా నలభై నిండలేదు గానీ వాళ్ళ లెక్కలో నేను ముసలమ్మనే. "పెద్దమ్మా, మీ కాలంలో" అని మొదలుపెడతారు, నేనేదో రాజుల కాలంలో పుట్టినట్టు. మా కాలమంటే అంత దూరమేమీ కాదర్రా. ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమై, రాయపూర్ రాజధాని అయిందని ఊరంతా సంబరపడుతున్న రోజులవి. ఆ సంబరం మా రైల్వే కాలనీ దాకా వచ్చినట్టు నాకైతే గుర్తులేదు.

మా నాన్న పట్టాల మీద పనిచేసేవాడు. పొగమంచులో ఇంజను వచ్చిన సంగతి ఆయనకి తెలియలేదు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే కామెర్లతో మా అమ్మ పోయింది. శ్రీకాకుళం నుంచి బంధువులు వచ్చారు, ఏడ్చారు, భోజనాలు చేశారు, నన్ను చూసి "అయ్యో" అన్నారు. ఆ అయ్యో అన్నవాళ్ళలో ఒక్కరు కూడా నన్ను రైలెక్కించుకుని తీసుకెళ్ళలేదు. అప్పటికే రాయపూర్‌లో వ్యాగన్ల కర్మాగారంలో ఖలాసీగా ఉన్న మా చిన్నాన్న పదిమంది ముందూ ఛాతీ విరుచుకుని "మా అన్న కూతురు నా కూతురే" అన్నాడు. ఆ ముక్క అన్నందుకు జీవితాంతం నామీద కసి తీర్చుకోవచ్చని అనుకున్నాడో ఏమో.

చిన్నాన్న తాగేవాడు, కానీ తాగినందుకు కొట్టేవాడు కాదు. ఆ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే లోకం మగవాడి తప్పంతా సీసా మీదికి నెట్టేసి చేతులు దులుపుకుంటుంది. తాగని రోజు ఇంకా బాగా గురిచూసి కొట్టేవాడు. మా పిన్నిని కూడా కొట్టేవాడు. ఆవిడ నోరు తెరిచేది కాదు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ తడి చేతులతో వంటింట్లో సిగిడీ అనే బొగ్గుల కుంపటి దగ్గరే కూర్చునేది. నన్ను ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. కానీ నన్ను కొడుతుంటే చూసేది కూడా కాదు. గోడవైపు తిరిగి బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. అప్పట్లో ఆ పిన్నిని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

మా క్వార్టర్లన్నీ ఒకే వరసలో ఉండేవి. దాన్ని లైను అనేవాళ్ళం. ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న గోడ పైకప్పు దాకా వెళ్ళేది కాదు, పైన జానెడు సందు ఉండేది. ఒకరింట్లో దగ్గితే పక్కింట్లో మంచినీళ్ళు తాగేవాళ్ళు. ఆ పక్కింట్లో ఉండేది నర్సమ్మ. గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, ఆవిడ ఆస్పత్రిలో నర్సు, ఆయన గూడ్సుబండి గార్డు. ఆయన నెలలో సగం రోజులు బండిలోనే ఉండేవాడు. నర్సమ్మ మనిషి పొట్టి, గొంతు మాత్రం ప్లాట్‌ఫారమ్ అంత పొడుగు. డ్యూటీ అయ్యాక ఆవిడ తన వరండాలో చాప వేసి నన్ను కూర్చోబెట్టి చదివించేది. నేను గవర్నమెంటు హిందీ బడిలో ఐదో తరగతి. లెక్కలు హిందీలో చేసి, తప్పులు తెలుగులో తిట్టించుకునేదాన్ని. "మొద్దుదానా, బుర్ర ఇంటి దగ్గర పెట్టొచ్చావా?" అనేది. ఆ తిట్లు నాకు పాయసంలా ఉండేవి. కొట్టకుండా తిట్టే మనిషి ఒకరుంటారని నేనప్పుడే తెలుసుకున్నాను.

తల్లిదండ్రులు లేని ఆడపిల్లల కోసం సర్కారు ఒక హాస్టలు బడి పెట్టిందని, ఐదో తరగతి అయ్యాక పరీక్ష రాసి నెగ్గితే పన్నెండు దాకా తిండీ బట్టా చదువూ అన్నీ అక్కడేనని నర్సమ్మ ఆస్పత్రిలో విని వచ్చింది. అప్పటినుంచి ఆవిడకి నా మీద పూనకం వచ్చింది. మా చిన్నాన్న ఆలోచన వేరు. రాయపూర్‌లోనే తెలీబంధా అనే పేటలో ఒక పెద్దింట్లో నన్ను పనికి పెట్టడానికి మాట్లాడుకున్నాడు. రాత్రీపగలూ అక్కడే ఉండాలి, జీతం ఈయన చేతికి వస్తుంది. "ఆడగుంట సదువుకుని ఏటి సేస్తాది? కలెక్టరవుతాదా?" అని వీధిలో నిలబడి నవ్వేవాడు. అంటే నా ముందు రెండే దారులు. పరీక్ష రాస్తే హాస్టలు, రాయకపోతే తెలీబంధాలో అంట్లు. తొమ్మిదేళ్ళ దాన్నైనా ఆ మాత్రం నాకు తెలిసింది.

ఇక్కడ కంచం సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ మీకు పిచ్చిగా అనిపిస్తుంది. మా లైనులో తెలుగువాళ్ళం మా రెండిళ్ళే. మిగిలినవాళ్ళు చాలామంది ఉత్తరాది వాళ్ళు. వాళ్ళిళ్ళలో మగపిల్లవాడు పుడితే ఆ ఇంటి పెద్దావిడ గడపలో నిలబడి కంచు కంచాన్ని గరిటెతో టంగుటంగుమని మోగించేది. ఆ చప్పుడు వింటే లైనంతా పరుగెత్తుకొచ్చేది. మిఠాయి తినాలి, పాటలు పాడాలి. ఆడపిల్ల పుడితే మాత్రం కంచం గూట్లోనే ఉండేది. మన తెలుగువాళ్ళలో ఈ ఆచారం లేదు కదా, మాకు పట్టనక్కర్లేదు అనుకుంటారు. అబ్బే! మా పిన్నికి పెళ్ళయి ఎన్నో ఏళ్ళయినా పిల్లలు లేరు. లైనులో ఎక్కడ కంచం మోగినా మా ఇంట్లో పిన్ని వీపు మోగేది. "మనింట్లో ఎప్పుడు మోగుతాదే ఆ సప్పుడు? ఎప్పుడు?" అని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టేవాడు. అందుకని కంచం మోగితే చాలు, పిన్ని చెవులు మూసుకుని సిగిడీ వెనక నక్కేది.

ఒకరోజు సాయంత్రం పొయ్యి మీద అన్నం ఉంచి పిన్ని నీళ్ళకి వెళ్ళింది. చూడమని నాకు చెప్పింది. నేను చూస్తూనే చదువుకుంటున్నాను, చదువుతూ చదువుతూ చూడ్డం మర్చిపోయాను. అన్నం మాడింది. సరిగ్గా అప్పుడే చిన్నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. మాడు వాసన, చేతిలో పుస్తకం. ఇంకేం కావాలి, అగ్గి మీద గుగ్గిలం వేసినట్టయింది. పుస్తకాన్ని సిగిడీలో పడేశాడు. నేను నిప్పుల్లో చెయ్యిపెట్టి దాన్ని లాగబోయాను. బెల్టు తీశాడు. ముందు వీపు మీద, తర్వాత కాళ్ళ మీద. నేను తిరిగేసరికి బకిల్ వైపు మూతికి తగిలి పై పెదవి చిట్లింది. నోట్లో రక్తం ఉప్పగా ఉంటుందని మొదటిసారి తెలిసింది. నేను అరిచిన అరుపు లైను చివరిదాకా వెళ్ళి ఉంటుంది.

నర్సమ్మ అంతకుముందు కూడా వచ్చి అడ్డుపడేది. "మా ఇంటి గొడవ, మీకేటి సంబంధం?" అని ఆయన తలుపు వేసేసేవాడు. ఒకసారి ఆవిడ పోలీసుకి కూడా చెప్పింది. కానిస్టేబులు వచ్చాడు, మంచం మీద కూర్చున్నాడు, "ఘర్ కా మామ్లా హై", ఇది ఇంటి గొడవ అన్నాడు, టీ తాగాడు, వెళ్ళాడు. ఆ రోజు మాత్రం ఆవిడ లోపలికి రాలేదు. మా గడప ముందు నిలబడి, తన ఇంటి స్టీలు కంచాన్ని గరిటెతో వాయించడం మొదలుపెట్టింది. "లడ్కా హువా హై! ఆవో, లడ్కా హువా హై!" అని ఆ ప్లాట్‌ఫారమ్ గొంతుతో కేకలు, మగపిల్లాడు పుట్టాడు రండి రండి అని. నాకైతే ఈవిడకి మతి పోయిందేమో అనిపించింది.

లైనంతా దిగబడింది. పిండి చేతులతో, చంకలో పిల్లలతో, సగం అల్లిన జడలతో. లైను చివరింట్లో ఉండే దాదీ, అందరికంటే పెద్దావిడ, ముందు నిలబడి "కిస్కో హువా? ఇస్కో?", ఎవరికి, ఈవిడకా అంటూ నీళ్ళ బిందెతో అప్పుడే వచ్చిన పిన్ని పొట్టవైపు చూసింది. పిన్ని ముఖం అప్పుడెలా మారిందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. నర్సమ్మ గరిటెతో మా చిన్నాన్నని చూపించింది. హిందీలో, అందరికీ అర్థమయ్యేలా, "ఇదిగో, వీడే పుట్టాడు. ఇవాళే పుట్టాడు. చూసుకోండి ఎంత మగాడో, బెల్టు చేత్తో పట్టుకునే పుట్టాడు!" అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నా మూతి చూశారు, బెల్టు చూశారు. ఎవరో ఫక్కున నవ్వారు. ఇక ఆగలేదు. ఆ నవ్వు వినలేక చిన్నాన్న బెల్టు విసిరాడు, నర్సమ్మ కనుబొమ్మ చీరుకుంది. రక్తం కంట్లోకి దిగుతున్నా ఆవిడ వాయించడం ఆపలేదు. ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో ఆయన్ని చూస్తూ టంగుటంగుమని వాయిస్తూనే ఉంది. చివరికి దాదీ వంగి ఆ బెల్టు తీసి కొంగున చుట్టుకుని వెళ్ళిపోయింది. 

మర్నాటినుంచి కర్మాగారంలో తోటివాళ్ళు "క్యా భాయ్, లడ్కా కైసా హై?" అని, పుట్టిన పిల్లాడెలా ఉన్నాడని అడగడం మొదలుపెట్టారట. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. చిన్నాన్నకి అంతే అయింది. కొన్నాళ్ళు మా ఇంట్లో చెయ్యి లేవలేదు. నర్సమ్మ కనుబొమ్మకి కుట్లు వేయించుకుని, ఏదో పతకం గెలిచినదానిలా తిరిగింది. నేను గెలిచామనే అనుకున్నాను. పిల్లదాన్ని కదా.

సిగ్గు పోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది? చిన్నాన్న నేర్చుకున్నాడు. కొట్టడం మానలేదు, చప్పుడు మానేశాడు. కర్మాగారం నుంచి నూనె తుడిచే గుడ్డలు తెచ్చేవాడు. తలుపు గడియ పెట్టి, ఆ నల్లటి గుడ్డ నా నోట్లో కుక్కి, తీరిగ్గా కొట్టేవాడు. కనిపించే చోట కాదు, లంగా కింద, జాకెట్టు కింద. అరుద్దామంటే ఊపిరాడేది కాదు, వాంతి వచ్చి ముక్కులోకి ఎక్కేది. ఈ రోజుకీ గ్రీజు వాసన తగిలితే నేను రోడ్డుకి అవతలి పక్కకి మారిపోతాను. పిన్ని అదే గదిలో ఉండేది, గోడవైపు తిరిగి, రాళ్ళు ఏరుకుంటూ.

ఒకరోజు పాఠం గట్టిగా చదువుతుంటే నర్సమ్మ నా ముఖం దగ్గరికి ముఖం పెట్టి వాసన చూసింది. "నోరు తెరువు" అంది. తెరిచాను. నాలుక మీద నల్లటి చారలు.  ఉప్పునీళ్ళతో పుక్కిలి పట్టించింది, జాకెట్టు ఎత్తి వీపు చూసింది.  తిరిగి నాకు జాకెట్టు సర్దుతూ "నేను పిచ్చిదాన్నే తల్లీ, బయట నిలబడి వాయించాను" అంది.

ఆ తర్వాత ఆవిడ చేసిన పనికి నాకు పట్టరాని కోపం వచ్చింది. నన్ను చదివించడం సగానికి తగ్గించేసింది. చిన్నాన్న డ్యూటీకి వెళ్ళగానే మా వంటింట్లోకి వచ్చి పిన్ని పక్కన పీట వేసుకుని కూర్చునేది. పరీక్ష ముంచుకొస్తోంది, ఈవిడేమో మా పిన్నితో కలిసి మునగాకు దూస్తోంది! ఉప్పుచేప ఎలా వేయించాలి, చింతకాయ పచ్చడి మీ వైపు ఎలా పెడతారు, ఇవీ కబుర్లు. పిన్ని మొదట్లో ఊ, ఆ అనేది కూడా కాదు. ఒకరోజు నర్సమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తూ, "ఈ చిక్కు నావల్ల కావట్లేదమ్మా, నువ్వు తీద్దూ" అని దువ్వెన పిన్ని చేతిలో పెట్టేసి లేచింది. మా అమ్మ పోయాక మా ఇంటి మనిషి చెయ్యి నా తలమీద మెత్తగా పడ్డం అదే మొదలు. పిన్ని వేళ్ళు నా జుట్టులో కదలడానికి చాలాసేపు జంకాయి. చిక్కు తీసింది. నూనె రాసింది. ఆ తర్వాత రోజూ తనే పిలిచేది, "ఒలే, దా, తల దువ్వుతాను" అని.

అలా ఒకరోజు జడ వేయించుకుంటుండగా నర్సమ్మ మెల్లగా అంది. ఆ గొంతు అంత మెల్లగా రాగలదని నాకు అంతకుముందు తెలియదు.

"బయట నేనెంత వాయించినా వాడు తలుపేసుకుంటాడమ్మా. లోపలినుంచి మోగాలి."

"నానా?" పిన్ని చేతిలో జడ ఆగిపోయింది. "నాను కొడితే నన్ను సంపేత్తాడు అమ్మగోరూ."

"ఇప్పుడు మాత్రం బతికిస్తున్నాడేంటి?"

పిన్ని జడ చివర రిబ్బను బిగించింది. "ఆ సప్పుడు నాకు పడదు. సెవుల్లో సీసం పోసినట్టుంటాది. ఆయేల మీరు వాయించినప్పుడు దాదీ నా పొట్టకేసి సూసింది. ఆ సూపుకి నాను సచ్చిపోయాను" అంది.

 నర్సమ్మ పీట మీంచి దిగి కింద, పిన్ని ఎదురుగా కూర్చుని, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని "అయ్యో తల్లీ, నీ సంగతే నాకు తోచలేదు. ఈ పిల్ల మీదే ఉంది నా ధ్యాసంతా" అంది. మా పిన్ని ఏడవడం నేను అప్పుడే చూశాను. ఆవిడ కన్నీళ్ళు నా పాపిట్లో పడ్డాయి. దెబ్బలు తింటూ ఏడవని మనిషి, ఎవరో వచ్చి నొచ్చుకుంటే ఏడ్చింది.

పరీక్ష రోజు ఆదివారం. నర్సమ్మ నన్ను రిక్షాలో తీసుకెళ్ళాలని ఏర్పాటు. లైనులో ఎవరి నోట విన్నాడో, చిన్నాన్నకి తెలిసిపోయింది. పొద్దున్నే తలుపు గడియ పెట్టి తాళం కూడా వేశాడు. తెలీబంధా నుంచి ఆటో వస్తోందట, ఆ పూటే నన్ను పంపించేస్తాడట. నేను తలుపు మీద పడ్డాను. జడ పట్టుకుని వెనక్కి లాగితే ఆయన చెయ్యి కొరికాను, పళ్ళు దిగేలా కొరికాను. దానికి కడుపులో ఒక తన్ను తన్నాడు. కింద పడ్డాక బట్టలారేసే తాడుతో చేతులు వెనక్కి కట్టి, నూనెగుడ్డ నోట్లో కుక్కాడు. గుడ్డ గొంతు దాకా వెళ్ళింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

అప్పుడే నర్సమ్మ తలుపు కొట్టింది. "ఏవయ్యా, పిల్ల తయారైందా?" అంది. "గుంటకి జొరం. పడుకుంది" అన్నాడు చిన్నాన్న, పాలలో పంచదార కలిపినంత మెత్తగా. "నర్సునేగా, చూస్తాను, తలుపు తియ్యి." "అక్కర్లేదు, ఎల్లండి." తలుపు అవతల ఆవిడ, ఇవతల నేను, మధ్యలో నాలుగు చెక్కలు. నేను కాలితో నేలమీద తన్నబోయాను, ఆయన నా కాళ్ళ మీద కూర్చున్నాడు. బయట అడుగుల చప్పుడు దూరమైంది. అయిపోయిందనుకున్నాను. నా చదువు, నా హాస్టలు, అన్నీ ఆ అడుగులతోనే వెళ్ళిపోయాయనుకున్నాను.

టంగ్ మంది.

వంటింట్లోంచి. చిన్నాన్న ఉలిక్కిపడి తల తిప్పాడు. పుట్టింటివాళ్ళిచ్చిన కంచు కంచం ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతిలో గరిటెతో పిన్ని వంటింటి గడపలో నిలబడి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. టంగ్, టంగ్, టంగ్. గరిటె ఒక్కసారీ తప్పడం లేదు.

ఆయన లేచాడు. సిగిడీ కెలికే ఇనప చువ్వ అందుకుని ఆవిడ చేతిమీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు కంచం చప్పుడులోంచి కూడా వినిపించింది. గరిటె పడిపోయింది. పిన్ని కూలబడింది, మళ్ళీ చువ్వ వీపు మీద పడింది. ఆవిడ కంచాన్ని నేలమీద పెట్టి ఎడమ చేత్తో గరిటె వెతుక్కుంది. దొరికింది. మళ్ళీ వాయించింది. ఆపైన నేనెప్పుడూ వినని గొంతుతో, లైను అదిరిపోయేలా కేకేసింది.

"పుట్టింది! నాకు ఆడగుంట పుట్టింది! ఒలమ్మా, రండర్రా, నాకు కూతురు పుట్టింది!"

లైనులో ఎవరికీ తెలుగు రాదు. కంచం మాత్రం అందరికీ వచ్చు. నర్సమ్మ వెళ్ళిపోలేదు, దాదీని పిలవడానికి వెళ్ళిందట. వాళ్ళు తలుపు మీద పడ్డారు. భుజాలతో, దంచుడు రోకలితో. చిన్నాన్న లోపలినుంచి చెక్కని అదిమిపట్టి నిలబడ్డాడు, మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో తాళం ఊడి తలుపు ఆయన మీదే పడింది. ఆ తర్వాత జరిగింది నేను పక్కకి ఒరిగి, నోట్లో గుడ్డతోనే చూశాను. ఆడవాళ్ళు ఆయన్ని కాళ్ళు పట్టి వీధిలోకి ఈడ్చారు. చెప్పులు, అప్పడాల కర్రలు, బాల్చీ, ఏది దొరికితే అది. ముక్కు పగిలింది, పన్ను ఊడింది. "మార్ డాలేంగే క్యా", చంపేస్తారా ఏంటి అని మగవాళ్ళు ఎవరో అడ్డం వస్తే వాళ్ళకీ రెండు పడ్డాయి. ఆయన పసిపిల్లాడిలా మొహం కప్పుకుని ఏడ్చాడు. చూస్తుంటే నాకు ఆనందంగా ఉంది, అబద్ధమెందుకు? ఇప్పుడు పిల్లలకి ఈ ముక్క చెప్తే చప్పట్లు కొడతారు. నేను కొట్టనివ్వను. ఎందుకంటే పిన్ని అటు చూడనే లేదు.

పిన్ని పాక్కుంటూ నా దగ్గరికి వచ్చి, ఎడమ చేత్తో నా నోట్లోంచి గుడ్డ లాగింది, తాడు విప్పడానికి పళ్ళు ఉపయోగించింది. దాదీ లోపలికి వచ్చి, విరిగి వేలాడుతున్న ఆ చెయ్యి చూసి, నేలమీది కంచం చూసి, ఎందుకో ఆ సమయంలో కూడా పెద్దరికం పోనివ్వలేక, "లడ్కీ కే లియే థాలీ నహీ బజ్తీ, బహూ" అంది. ఆడపిల్లకి కంచం మోగించరు కోడలా అని.

పిన్ని తలెత్తింది. వచ్చీరాని హిందీలో, "హమారే ఘర్ మే బజ్తీ" అంది. మా ఇంట్లో మోగుతుంది.

 దాదీ మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ వంగి, కంచం గరిటె తీసుకుని, మా గడపలోకి వెళ్ళి తనే వాయించింది.

నర్సమ్మ పిన్ని చేతిని చూసి ఆస్పత్రికి పదమంది. "ముందు గుంట పరీచ్చ. నా సెయ్యి ఎక్కడికీ పోదు" అంది పిన్ని. అలాగే వెళ్ళాం. చేతికి రెండు అట్ట ముక్కలు పెట్టి నర్సమ్మ తన చున్నీతో కట్టింది. రిక్షాలో మధ్యలో నేను, ఇటు పిన్ని, అటు నర్సమ్మ. వాచిన మూతితో, గ్రీజు వాసనతో వెళ్ళి పరీక్ష హాల్లో కూర్చున్నాను. ఆలస్యమైందని లోపలికి రానివ్వనన్న మాస్టారు, గేటు దగ్గర పిన్ని చెయ్యి చూసి పక్కకి తప్పుకున్నాడు. లెక్కలన్నీ చేశానో లేదో గుర్తులేదు. కిటికీలోంచి చూస్తే మాత్రం, గేటు బయట ఎండలో, కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పిన్ని నావైపే చూస్తూ కూర్చుంది. గోడవైపు కాదు.

నెగ్గాను. హాస్టలుకి వెళ్ళాను. పిన్ని మళ్ళీ ఆ ఇంట్లోకి అడుగుపెట్టలేదు. నర్సమ్మ ఆవిడకి ఆస్పత్రి వంటశాలలో పని ఇప్పించింది. చిన్నాన్న కొన్నాళ్ళు బతిమాలాడు, కొన్నాళ్ళు బెదిరించాడు, తర్వాత బదిలీ పెట్టించుకుని వెళ్ళిపోయాడు. నర్సమ్మ ఇప్పుడు లేదు. పిన్ని నాతోనే ఉంది. ఆ చెయ్యి వంకరగానే అతుక్కుంది, ఆవకాయ కలపడానికి మాత్రం ఎవరినీ దగ్గరికి రానివ్వదు.

నేనిప్పుడు అలాంటి హాస్టలులోనే పనిచేస్తున్నాను. నయా రాయపూర్ పెద్ద పెద్ద రోడ్లు దాటి, మందిర్ హసౌద్ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, తల్లీతండ్రీ లేని పిల్లల్ని బడికి పంపమని అడగడం నా ఉద్యోగంలో భాగం. మామయ్యలు, బాబాయిలు ముందుగదిలో కుర్చీ వేసి, కాళ్ళు జాపుకుని, "మేం దీన్ని కూతుర్లా చూసుకుంటున్నాం మేడమ్" అంటారు. తలుపు చాటున పిల్ల నిలబడి ఉంటుంది. కొత్తగా చేరిన కుర్ర టీచర్లు ఆ పిల్లనే దగ్గరికి తీసుకుని అడుగుతారు, నిన్ను కొడతారా, చదువుకుంటావా అని. ఆ పిల్ల ముందుగది వైపు చూసి తల అడ్డంగా ఊపుతుంది. వీళ్ళు రాసుకుని వచ్చేస్తారు.

నేను మంచినీళ్ళు కావాలంటాను. వాళ్ళు తెస్తామంటారు. మీకెందుకు శ్రమ, నేనే తాగుతానని లేచి, చెప్పులు విడిచి వంటింట్లోకి వెళ్తాను. అక్కడ పొయ్యి దగ్గర ఎవరో ఒకావిడ గోడవైపు తిరిగి కూర్చుని ఉంటుంది. నేను ఆవిడ పక్కన నేలమీద కూర్చుని చేటలో బియ్యం నా వైపు లాక్కుంటాను. ఇద్దరం రాళ్ళు ఏరతాం. పిల్ల గురించి నేనేమీ అడగను. ఒకరోజు కాకపోతే ఇంకోరోజు, ఆవిడే నావైపు తిరుగుతుంది.